ప్రాణుల ఆయుర్దాయము – విద్యార్థుల లెక్కలు

మన గ్రామములలో పశువు వయస్సు నడిగినచో తేదీ చెప్పువారు అరుదు. “పెద్దపిల్ల పెండ్లినాటికి ఇది పాలు త్రాగు దూడ” అనియో, “చెరువు కట్ట తెగిన యేట పుట్టినది” అనియో చెప్పుదురు. ఆ లెక్క తప్పని కాదు. పెక్కుసార్లు అది సరిగనే యుండును. కాని అది చెప్పిన మనుష్యునితోనే పోవును, కాగితమున కెక్కదు. పాఠశాలలలో జరుగు విజ్ఞాన ప్రదర్శనములలో “జంతువుల జీవితము, ఆయుర్దాయము” అను విషయమును బాలబాలికలు తరచుగా నెన్నుకొనుచుందురు. పంచాయతీ సభ్యులు ఇట్టి ప్రదర్శనములకు అతిథులుగా విచ్చేసి, రిబ్బను కత్తిరించి, బల్లల నడుమ నొకసారి తిరిగి, పిల్లల వెన్ను తట్టి పోవుట వాడుక. ఆ బల్లలపై ఏమి యుండవలెను, అందులో గ్రామమునకు పనికివచ్చున దేమి, అను సంగతి ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

ఈ విషయము నేర్చుకొనుటకు మన ప్రాంతమున అడిక్‌మెట్ వంటి చోటు మరియొకటి లేదనవచ్చును. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము కొంతకాలము నగరములోని అద్దె భవనములలో నడచి, పిమ్మట ఈ అడిక్‌మెట్ భూములలో శాశ్వత ప్రాంగణమును ఏర్పరచుకొనెను. ఆర్ట్సు కళాశాల మహాభవనము 1939లో ప్రారంభమైనది. ప్రాంగణము నానుకొని యున్న తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. అచ్చటనే, 1944లో హైదరాబాదు రాష్ట్ర ప్రయోగశాలగా మొదలైన నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ కలదు. దాని యొడిలో 1977లో పుట్టిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రము ఇప్పుడు చేరువనున్న హబ్సిగూడలో వేరుగా నడచుచున్నది. జీవులు ఎట్లు పుట్టును, ఎట్లు పెరుగును, ఏల ముదియును అను ప్రశ్నలకు జీతము పుచ్చుకొని సమాధానములు వెదకువారు ఈ కొద్దిపాటి మేరలో వందల సంఖ్యలో నున్నారు.

ఇట్టి చోట జరుగు విద్యార్థి ప్రదర్శనములలో సైతము ఈ వ్యాసకర్త చూచిన ఆయుర్దాయపు పటములు పెక్కు ఒకే అచ్చున పోసినట్లుండెను. థర్మోకోలు ఏనుగు ఒకటి, అట్ట తాబేలు ఒకటి, వెనుక గోడకు రంగుల పట్టిక: ఏనుగు 70, తాబేలు 150, కుక్క 12, కాకి 100. మూడు పాఠశాలలలో మూడు పట్టికలు అదే వరుసలో నుండుట గూడ చూచితిని. “ఈ అంకె నీకెట్లు తెలిసినది?” అని యడిగినంతనే పిల్లవాడు ఉపాధ్యాయునివంక చూచును. తప్పు పిల్లవానిది కాదు. అట్టి ప్రశ్న అడుగవచ్చునని వానికెవరును చెప్పలేదు.

కాకి సంగతియే తీసికొందము. కాకివలె కలకాలము బ్రతుకుటకంటె హంసవలె ఆరునెలలు బ్రతుకుట మేలని మన సామెత. నడవడిని గూర్చి అది మంచి మాటయే. జంతుశాస్త్రముగా మాత్రము రెండు విధములను తప్పు. మన యింటి చూరుపై వ్రాలు కాకులలో ఇరువదియేండ్లు దాటునవి మిక్కిలి అరుదు. హంస ఆరునెలలకు చావదు. దానికిని ఇరువదియేండ్ల వరకు బ్రతుకు శక్తి కలదు. కాకి చావదను నమ్మకమునకు కారణ మొక్కటే: ఒక కాకికిని మరియొక కాకికిని మనము భేదము గుర్తింపలేము. నిన్న వచ్చినదియు నేడు వచ్చినదియు ఒకటే యనుకొందుము. శాస్త్రజ్ఞులు పక్షి కాలికి సంఖ్య గల చిన్న లోహపు కడియమును తొడిగి, తేదీ వ్రాసికొని విడిచెదరు. ఆ పక్షి మరల దొరకిన నాడు వయస్సు తేలును.

ఆయుర్దాయ మను మాటకు రెండర్థములు గలవు. ఒక జాతి ప్రాణి అన్నియు కుదిరినచో ఎంతకాలము బ్రతుకగలదు అనునది యొకటి. వాస్తవముగా ఎంతకాలము బ్రతుకుచున్నది అనునది మరియొకటి. పెరటికోడి పిల్లికి, తెగులునకు, పండుగకు చిక్కకున్నచో ఆరేడేండ్లు బ్రతుకగలదు. కోళ్ళ ఫారములో మాంసమునకై పెంచు కోడి సుమారు ఆరు వారములకే అంగడి కెక్కును. రెండును కోళ్ళే. పటములో “కోడి: 7 ఏండ్లు” అని వ్రాసిన బాలునకు ఈ రెండవ సంగతి తెలియనిచో వాడు కోడిని గూర్చి నేర్చినది తక్కువ.

బేగంపేటలో రోజుల లెక్క

వయస్సు తెలిసిన ప్రాణిని చేతబట్టుకొని రోజులు లెక్కించుటవలన ఎంత మేలు కలుగునో చెప్పుటకు హైదరాబాదు పరిసరములలోనే జరిగిన ఉదాహరణ మున్నది. సైన్య వైద్యుడగు రొనాల్డ్ రాస్ 1895లో సికిందరాబాదునకు వచ్చి, మలేరియా జ్వరము దోమలవలన వ్యాపించునేమో యని పరిశోధన మొదలిడెను. రెండేండ్లు వందలకొలది దోమలను కోసి చూచెను. ఏమియు కనబడలేదు. ఆయన పరీక్షించినవి ఆ జ్వరమును మోయని జాతుల దోమలని తరువాత తెలిసినది. 1897 ఆగస్టులో మచ్చల రెక్కలు గల గోధుమవన్నె దోమలు కొన్ని ఆయన సీసాలలోని పురుగులనుండి రెక్కలు తొడిగి బయటికి వచ్చెను.

ఇచ్చట గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ దోమలు ఎక్కడనో పట్టి తెచ్చినవి కావు, సీసాలో పుట్టినవి. కావున అవి అంతకు ముందెవరిని కుట్టలేదని నిశ్చయము. వానిని హుసేన్ ఖాన్ అను జ్వరపీడితునిపై వదలిరి. కుట్టిన దోమ కొక అణా చొప్పున ఆ మనుష్యునకు ముట్టజెప్పిరి. పిమ్మట రాస్ రోజులు లెక్కించుచు ఒక్కొక్క దోమనే కోసి చూచుచుండెను. ఉక్క మిక్కిలిగ నుండెను. పంకా వేసినచో దోమలు చెదరిపోవునని వేయనీయలేదు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. ఆగస్టు 20వ తేదీన దోమ కడుపు గోడలో మలేరియా క్రిమికి గుర్తగు నల్లని రేణువులు గల గుండ్రని కణములు కనబడెను. మరునాడు మిగిలిన దోమను కోసి చూడగా అవే కణములు మరింత పెద్దవై యుండెను. ఒక దినము గడచుటతో పెరిగినవి గనుక అవి జీవముగల వస్తువులే యని తేలినది. తేదీలు లేనిచో ఆ రెండు దోమలకు నడుమ భేదము అర్థము లేని భేదముగా మిగిలియుండును.

రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించినది. ఆ పరిశోధన జరిగిన బేగంపేట భవనము ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయము అధీనమున ఆయన పేరనే పరాన్నజీవి శాస్త్ర సంస్థగా నున్నది. పిల్లలను నగరమునకు విహారయాత్ర గొనిపోవు గ్రామములవారు చార్మినారుతో పాటు దానిని గూడ చూపుట మంచిది.

ముసలి దోమయే ప్రమాదము

జ్వరము గల మనుష్యుని కుట్టిన దోమ వెంటనే మరియొకరికి మలేరియా నీయజాలదు. క్రిమి దాని కడుపులో పెరిగి, సంఖ్యలో హెచ్చి, నోటి గ్రంథులకు చేరుటకు మన దేశపు వేడిమిలో సుమారు పది, పండ్రెండు దినములు పట్టును. చలి హెచ్చిన కొలది ఇంకను ఆలస్యమగును. ఆడు దోమ సాధారణముగా బ్రతుకునది కొద్ది వారములు మాత్రమే. అనగా పండ్రెండు దినములకు ముందే చచ్చిన దోమ మలేరియా విషయమున నిరపాయమైనది. అంతకు మించి బ్రతికిన దోమయే మనకు శత్రువు.

దీనిని విద్యార్థులు రెండు పళ్ళెములతోను జొన్నగింజలతోను చూపవచ్చును. ఒక్కొక్క పళ్ళెమున 100 గింజలుంచవలెను. గింజ యొకటి దోమ యొకటి. మొదటి పళ్ళెమునుండి దినమునకు పదింట ఒకటి చొప్పున తీసివేయవలెను. 100 పోయి 90, తరువాత 81, పిమ్మట 73, ఈ విధముగా పండ్రెండు దినములకు 28 మిగులును. రెండవ పళ్ళెమునుండి దినమునకు పదింట మూడు చొప్పున తీయవలెను. 70, 49, 34, 24, ఇట్లు దిగి పండ్రెండవ నాటికి ఒక్కటి మిగులును. ఈ అంకెలు లెక్క చూపుటకై తీసికొన్నవి. ఊరి దోమలు దినమునకు ఎన్ని చచ్చునో ఊరిని బట్టి యుండును. అయినను చూచినవారి కొకటి బోధపడును. దోమ దినదినము చచ్చు పాలు పదింట ఒకటినుండి మూడునకు పెరిగినంత మాత్రమున అపాయకరమగు దోమలు ఇరువది యెనిమిదింటినుండి ఒకటికి దిగినవి. థర్మోకోలు ఏనుగుకంటె ఈ రెండు పళ్ళెములకు ఖర్చు తక్కువ.

మలేరియా ఉద్యోగులు ఇండ్ల లోపలి గోడలపై మందు చల్లుట ఈ లెక్క ననుసరించియే. రక్తము త్రాగిన దోమ బరువెక్కి గోడపై వ్రాలి విశ్రమించును. మందు తగిలిన గోడపై ఒక్కొక్క రాత్రి వ్రాలుచు పండ్రెండు రాత్రులు దాటుట దానికి కష్టము. కాని పెక్కు ఇండ్లలో మందు చల్లిన వారమునకే గోడ అలుకుటయో, సున్నము వేయుటయో జరుగుచుండును. మరకలు చూడలేక చేసిన పనియే గాని ఎవరి దురుద్దేశమును కాదు. ఈ పని జరిగిన పిమ్మట మందు చల్లినట్లును కాదు, చల్లనట్లును కాదు. పండుగలకు ముందు చల్లింపవలెనా, తరువాతనా అనునది సభ్యులు ఆ ఉద్యోగులతో కూర్చుండి నిర్ణయింపదగిన విషయము. సాయంకాలపు పొగ బండిని గూర్చి ఒక మాట: అది ఆ వేళ ఎగురుచున్న దోమలను చంపును, మరునాడు నీటినుండి లేచు దోమలకు దానితో పనిలేదు. పొగ కనబడును గనుక జనులకు తృప్తి కలుగును, అంతియే.

నీటిలోని జీవితమునకు మరియొక లెక్క కలదు. గ్రుడ్డు పొదగబడి, పురుగై, నాలుగు మారులు కుబుసము విడిచి, తల పెద్దదై వంగిన ప్యూపాగా మారి, రెక్కలతో లేచుటకు మన వేసవి, వర్షకాలములలో సుమారు ఏడు మొదలు పది దినములు పట్టును. వారమున కొకసారి తొట్లు, కుండలు, కూలరు పళ్ళెములు, పాత టైర్లు ఖాళీ చేయవలెనను “డ్రై డే” నియమము ఈ అంకెనుండి పుట్టినదే. వారము గాక పదునైదు దినముల కొకసారి చేసినచో దోమల కొక తరము పూర్తిగా లేచిపోవును. చేసిన శ్రమ వ్యర్థము. డెంగీ జ్వరమును మోయు దోమ విషయమున నీరు పారబోసినంత మాత్రమున చాలదు. అది నీటి మట్టమునకు కొంచెము పైన కుండ గోడకు గ్రుడ్లను అంటించును. ఆ గ్రుడ్లు ఎండి నెలలకొలది యుండి, మరల నీరు తగిలిన నాడు పొదుగును. కావున కుండ లోపలిభాగమును పీచుతో గట్టిగా రుద్ది కడుగవలెను.

విద్యార్థులు ఈ లెక్కను తమ ఊరి నీటితోనే చేయుట ఉత్తమము. నాలుగు సీసాలు, ఒక ఉష్ణమాపకము, పలుచని గుడ్డ చాలును. తొట్టినుండి పురుగులు గల నీటిని తెచ్చి, సీసా మూతికి గుడ్డ బిగించి కట్టి, ప్రతి ఉదయము ఒకే వేళ లెక్కింపవలెను: పురుగులెన్ని, ప్యూపాలెన్ని, చచ్చినవెన్ని, నీటి వేడి ఎంత. మలేరియా దోమ పురుగు నీటి పైభాగమున అడ్డముగా పండుకొనియుండును. తక్కిన దోమల పురుగులు తల క్రిందులుగా వ్రేలాడును. ఈ భేదమును మామూలు భూతద్దముతో, కొంత అలవాటైన పిమ్మట ఉత్త కంటితోనే, చూడవచ్చును. ఒక సీసా నీడలో, ఒకటి ఎండ తగులు చోట నుంచినచో వేడిమి వలన దినములెట్లు తగ్గునో తెలియును. గుడ్డ చిరుగకుండ చూచుటయు, రెక్కలు వచ్చిన వెంటనే వానిని వేడినీటితో చంపుటయు ఉపాధ్యాయుని బాధ్యత. ప్రదర్శనము పేరిట ఊరికి దోమలను కానుకగా నీయరాదు గదా!

పశువుల పుట్టిన తేదీలు

1969 చట్టము ననుసరించి మనుష్యుల జననమరణములు నమోదగుచున్నవి. గ్రామమున ఆ పుస్తకము పంచాయతీ కార్యాలయముననే యుండును. పశువుల విషయమున అట్టి పుస్తకము లేదు. 2019లో ఆరంభమైన జాతీయ పశువ్యాధి నివారణ కార్యక్రమమున పశువుల చెవులకు పండ్రెండంకెల పచ్చని ట్యాగులు వేయబడినవి. ఆ అంకెతో పాటు వయస్సు గూడ వ్రాయబడును. కాని అది యజమాని నడిగి వ్రాసికొన్న వయస్సు.

అడుగకయే పశువు వయస్సు చెప్పు పద్ధతులు మన రైతులకు తెలిసినవే. ఆవునకు ముందు పండ్లు క్రింది దవడననే యుండును, మొత్తము ఎనిమిది. పట్టణపు పిల్లలకు, పైదవడ ముందు పండ్లులేవను సంగతియే వింత. పాలపండ్లు రాలి పెద్దపండ్లు జంటలుగా వచ్చును. మొదటి జంట రెండేండ్ల ప్రాయమునను, చివరి జంట నాలుగు, అయిదేండ్ల మధ్యను వచ్చును. అందుకే సంతలో “రెండు పండ్ల కోడె”, “నాలుగు పండ్ల కోడె” యను బేరము. ఎనిమిదియు వచ్చిన పిమ్మట అరుగుదలను బట్టి ఊహింపవలసినదే. కొమ్ముపై వలయములను లెక్కించి రెండు కలుపుట మరియొక పద్ధతి. ఈ లెక్క నమ్మి మోసపోయిన వారును కలరు. ఆకురాయితో కొమ్ము నున్నగా గీకిన పశువు సంతలో పడుచుదై పోవును.

ఉన్నత పాఠశాల విద్యార్థులు ఈ పద్ధతులు ఎంతవరకు నిజమో పరీక్షింపవచ్చును. పుట్టిన తేదీ నిశ్చయముగా తెలిసిన పశువులను ఇరువదింటిని, ముప్పదింటిని ఎన్నుకొని, పశువైద్య సహాయకుని సమక్షమున పండ్లు చూపించి, ఊహించిన వయస్సును అసలు వయస్సును ప్రక్కప్రక్కన వ్రాయవలెను. ఎన్ని నెలల తేడా వచ్చినది? ఏ ప్రాయమున తేడా హెచ్చు? ఇది ఏ పుస్తకమునను లేని అంకె, ఆ ఊరిదే.

తేదీలు తెలిసిన పశువులు దొరకుటయే ఇందులో కష్టము. తేదీ లేకపోవుట గొప్ప స్థలములకును తప్పని బాధయే. హైదరాబాదులోని నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963లో ప్రారంభమైనది. ఆ యేట పబ్లిక్ గార్డెన్సునుండి అచ్చటికి తరలింపబడిన వానిలో రాణి యను ఏనుగును, చాణక్య యను పెద్ద తాబేలును గలవు. రాణి 2021 జూనులో మరణించినప్పుడు దాని వయస్సు 83 ఏండ్లని అధికారులు తెలిపిరి. చాణక్య 2024 మార్చిలో మరణించెను. దాని వయస్సు 125 ఏండ్లని ప్రకటింపబడినది. తాబేలు పుట్టిన దినమున ఎవరును ప్రక్కన నిలిచి వ్రాసికొనలేదు గనుక ఆ అంకె అంచనాయే. 1963నుండి 2024వరకు గల అరువదియొక్క ఏండ్లు మాత్రము ఎవరును కాదనలేని లెక్క. పటము వ్రాయు విద్యార్థి ఈ రెండు అంకెలను వేరు వేరుగా చూపినచో పరీక్షకుడు వానిని తప్పక మెచ్చుకొనవలెను.

దూడల విషయమున తేదీలకు మరింత విలువ గలదు. బర్రె ఇరువదియేండ్లు బ్రతుకగలదని పటములో నుండును. కాని పుట్టిన మొదటి నెలలోనే పోవు దూడలు పటములో నుండవు. ఈనిన వెంటనే వచ్చు జున్నుపాలలో తల్లి శరీరమునుండి వచ్చిన రోగనిరోధక పదార్థములు మిక్కుటముగా నుండును. దూడ వానిని ప్రేగులద్వారా నేరుగా రక్తమునకు తీసికొనగల శక్తి పుట్టిన గంటనుండియే తగ్గనారంభించి, సుమారు ఒక దినములో పోవును. కావున మొదటి గంట, రెండుగంటలలో జున్నుపాలు త్రాగిన దూడకును, మాయ పడువరకు ఆపి మరునాడు త్రాగించిన దూడకును చాల తేడా గలదు. మాయ పడకముందు పాలు విడువరాదను నమ్మకము పెక్కు చోట్ల ఇప్పటికిని కలదు. ఇంటిల్లిపాదికి జున్ను చేసి, చుట్టుప్రక్కల వారికి పంచి, మిగిలినది దూడకు విడుచు ఇండ్లును లేకపోలేదు. జున్ను రుచి ఎవరికి తెలియదు? అయినను దూడ బరువులో పదవవంతు జున్నుపాలు మొదటి దినమున దానికి చెందవలెనని పశువైద్యులు చెప్పుచున్నారు; ఆపైది మనకు.

ఈ సంగతిని పెద్దలు చెప్పిన రైతులు వినకపోవచ్చును. తన యింటి దూడల అంకె తన కూతురే బల్లపై పెట్టి చూపినపుడు వినునేమో. ఒక సంవత్సరమున ఊరిలో పుట్టిన దూడలన్నిటికి పుట్టిన తేదీ, వేళ, మొదటిసారి పాలు త్రాగిన వేళ, నెలనాటికి బ్రతికియున్నదా లేదా యనునవి వ్రాసినచో చాలును. అందులో గంటలోపల త్రాగినవి ఎన్ని, వానిలో పోయినవి ఎన్ని. ఆలస్యముగా త్రాగినవి ఎన్ని, వానిలో పోయినవి ఎన్ని. నాలుగు అంకెలు.

ఆహారమునకును ఆయుర్దాయమునకును గల సంబంధము తార్నాక సంస్థ చరిత్రలోనే కలదు. ఆ సంస్థ మూలము 1918లో కూనూరులో సర్ రాబర్ట్ మెకారిసన్ నెలకొల్పిన చిన్న ప్రయోగశాల. 1958లో అది హైదరాబాదునకు వచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. మెకారిసన్ దేశమునందలి వేర్వేరు ప్రాంతముల జనులు తిను తిండిని ఎలుకల గుంపులకు వేరు వేరుగా పెట్టి తూచెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు తిన్న గుంపు బాగుగా పెరిగెను. పాలు, కూరలు అంతగా లేక మరపట్టిన బియ్యముపైనే బ్రతికిన గుంపు వెనుకబడెను. ఎలుకనే ఎన్నుకొనుట ఏల? దాని పూర్తి జీవితము రెండు, మూడేండ్లే గనుక పుట్టుకనుండి చావువరకు ఒక్క పరిశోధకుడే చూడగలడు. అమెరికాలో మెక్‌కే యను ఆచార్యుడు 1935లో మరియొక సంగతి ప్రకటించెను: పోషకములు తగ్గకుండ తిండిపరిమాణము మాత్రము తగ్గించిన ఎలుకలు ఎక్కువకాలము బ్రతికెను. పట్టుపురుగులు పెంచు గ్రామములలో ఎలుకల అవసరమే లేదు. గ్రుడ్డు పొదిగిన నాటినుండి నాలుగు “జ్వరములు” దాటి గూడు కట్టువరకు ఇంచుమించు ఇరువదియైదు దినములు. ఆకు తక్కువైన తట్టలోని పురుగులకు ఎన్ని దినములు హెచ్చునో విద్యార్థి తానే చూడవచ్చును. రైతు అనుమతితో పది పురుగులు చాలును.

ప్రదర్శనములు, నియమములు, పంచాయతీ చేయదగిన పని

రామన్ పరిశోధన జ్ఞాపకార్థము ఫిబ్రవరి 28వ తేదీ 1987నుండి జాతీయ విజ్ఞాన దినముగా జరుపబడుచున్నది. పాఠశాల ప్రదర్శనములు పెక్కు ఆ దినముననే జరుగును. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలకు పోవు ప్రదర్శనములు వేరుగా గలవు. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్సు కాంగ్రెసులో 10నుండి 17 ఏండ్ల బాలబాలికలు తమ ఊరి సమస్య నొకదానిని ఎన్నుకొని పరిశోధించి నివేదిక నీయవలసియుండును. పైన చెప్పిన దూడల లెక్క దానికి సరిగ సరిపోవును. కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ పథకమున పాఠశాల పంపిన ఆలోచన ఎన్నికైనచో నమూనా తయారికై విద్యార్థి ఖాతాకు 10,000 రూపాయలు చేరును. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి స్థాపన దినమగు సెప్టెంబరు 26 ప్రాంతమున తార్నాక, హబ్సిగూడ ప్రయోగశాలలు విద్యార్థులకు తలుపులు తెరచును. ముందుగా ఉత్తరము వ్రాసి, తేదీ నిశ్చయము చేసికొని పిల్లలను పంపవలెను.

చట్టము విషయమున జాగ్రత్త అవసరము. చిలుకను పంజరమున తెచ్చుట, నక్షత్ర తాబేలును తొట్టిలో చూపుట, పామును సీసాలో నుంచుట ముచ్చటగా తోచవచ్చును. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అవి నేరములు. పూర్వము కప్పలను కోసి పలకపై గుచ్చి చూపెడివారు; ఇప్పుడు అదియు తగదు. దోమ పురుగు, పట్టుపురుగు, ఇంటి కోడి, ఇంటి దూడ చాలును.

పంచాయతీ నుండి పాఠశాలకు కావలసిన సహాయము పెద్దది కాదు. ఉష్ణమాపకములు, భూతద్దములు కొన్ని. నీటి తొట్లను, చావిళ్ళను చూచుటకు పిల్లలు వచ్చినపుడు కసరవద్దని వార్డులలో నొక మాట. పశువైద్య సహాయకుడు నెలకొకసారి ఒక గంట పాఠశాలలో నుండునట్లు ఏర్పాటు. ప్రదర్శన దినమున సభ్యులు బల్లయొద్ద నిలిచి “ఈ అంకె నీకెట్లు తెలిసినది?” అని తప్పక అడుగవలెను. “మేము లెక్కించితిమి” అని సమాధానము వచ్చినచో ఆ పుస్తకమును తెప్పించి చూడవలెను. తడిసి, అంచులు నలిగి, కొట్టివేతలతో నుండు పుస్తకమైనచో బహుమాన మీయుటకు వెనుదీయ నక్కరలేదు.

ఇక పశువుల జనన పుస్తకము. ఇది చట్టము కోరునది కాదు. పంచాయతీ తీర్మానముతో పాఠశాలలో నుంచవచ్చును. రెండువందల పుటల గీతల పుస్తక మొకటి చాలును. ఆరు గడులు: తల్లి చెవి ట్యాగు అంకె, యజమాని వార్డు, ఈనిన తేదీ వేళ, దూడ ఆడో మగో, మొదటిసారి పాలు త్రాగిన వేళ, నెలనాటి స్థితి. చనిపోయిన పశువుల తేదీలకు వెనుకనుండి పుటలు. వర్షకాలము మొదలు చలికాలము వరకు బర్రెలు ఎక్కువగా ఈనును గనుక జూన్‌లో బడి తెరచిన వారముననే పుస్తకము తెరచుట అనుకూలము. మొదటి నెలనాటి స్థితి జూలైలో వ్రాయవచ్చును, ఫిబ్రవరి ప్రదర్శనమునకు ఏడెనిమిది నెలల లెక్క చేతికి వచ్చును.